బంతి అడ్డు తొలగిస్తే మన ఫుట్‌బాల్ బాగుపడుతుంది

మన ఫుట్‌బాల్ ఎందుకిలా ఉందని తల పట్టుకునేవాళ్లంతా కొలబద్దను తప్పు చోట పెడుతున్నారు. పచ్చిక మీద కొలిస్తే మనం పొట్టిగానే కనిపిస్తాం. కాగితం మీద కొలవాలి. ఫిర్యాదు, విచారణ, తీర్పు, స్టే, అప్పీలు, దాని మీద ఇంకో అప్పీలు. ఈ వరసలో ఫైలును కింద పడనీయకుండా ఒక కమిటీ నుంచి ఇంకో కమిటీకి అందించడంలో మనవాళ్లకున్న ఒడుపు బ్రెజిల్ వాళ్లకి కూడా లేదు. నమ్మకం కుదరనివాళ్లు మన రెండో మెట్టు ఫుట్‌బాల్ పోటీ ఐ-లీగ్ 2024-25 సీజన్‌ను మొదటినుంచి చివరిదాకా చదవాలి. చూడమనడం లేదు, చదవమంటున్నాను. చూసేది ఏప్రిల్‌లోనే అయిపోయింది.

ముందు లెక్కలు. పన్నెండు జట్లు. ఒక్కో జట్టు మిగతా పదకొండింటితో రెండేసిసార్లు, అంటే 22 మ్యాచ్‌లు. మొత్తం 132. మన హైదరాబాద్ శివార్లలోని దక్కన్ అరీనాలో శ్రీనిధి దక్కన్, గోకులం కేరళ తలపడిన 2024 నవంబర్ 22న సీజన్ మొదలైంది, 2025 ఏప్రిల్ 6న ముగిసింది. విజేత ఎవరన్నది జులై 18న, స్విట్జర్లాండ్‌లోని లొసాన్ నగరంలో తేలింది. నాలుగున్నర నెలలు పరిగెత్తి, చెమటోడ్చి, మోకాళ్లు పోగొట్టుకుని తేల్చలేని సంగతిని ఎవరూ ఒక్క బంతీ తన్నకుండా 103 రోజుల్లో తేల్చేశారు. ఈ రెంటిలో ఏది దండగో వేరే చెప్పాలా?

ఏప్రిల్ 6 ఉదయానికి నాలుగు జట్లకు ఆశ మిగిలి ఉంది. గోవా వాళ్ల చర్చిల్ బ్రదర్స్‌కి 39 పాయింట్లు, గోకులానికి 37, రియల్ కశ్మీర్‌కీ ఇంటర్ కాశీకీ 36 చొప్పున. శ్రీనగర్‌లో చర్చిల్, కశ్మీర్ 1-1తో సరిపెట్టుకున్నాయి. గోకులం డెంపో చేతిలో ఓడింది. కాశీ 3-1తో రాజస్థాన్ యునైటెడ్‌ను కొట్టింది. పట్టికలో చర్చిల్ 40, కాశీ 39. ఎవరు గెలిచారో ఐదో తరగతి పిల్లాడు కూడా చెప్పేస్తాడు. అందుకే ఐదో తరగతి పిల్లల్ని కమిటీల్లో వెయ్యరు. ఆ సాయంత్రం ట్రోఫీ ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకంటే జనవరి 13న జరిగిన ఒక మ్యాచ్‌లో గెలిచిందెవరో ఏప్రిల్ దాకా ఖరారు కాలేదు.

(అన్నట్టు, పేరు చూసి ఇంటర్ కాశీ వారణాసిలో ఆడుతుందనుకోకండి. ఆ సీజన్‌లో వాళ్ల సొంతగడ్డ పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి. కోచ్ హబాస్‌ది స్పెయిన్. గెలిచింది స్విట్జర్లాండ్‌లో. విశ్వనాథుడి ఊరు కదా, విశ్వమంతా వాళ్లదే.)

ఆ జనవరి మ్యాచ్‌లో పంజాబ్ జట్టు నామ్‌ధారి 2-0తో కాశీని ఓడించింది. నామ్‌ధారి తరఫున దిగినవాళ్లలో క్లెడ్సన్ ద సిల్వా అనే బ్రెజిల్ ఆటగాడు ఉన్నాడు. అతనికి అప్పటికే నాలుగు ఎల్లో కార్డులు పడ్డాయి, ఆ రోజు బయట కూర్చోవాల్సినవాణ్ణి ఆడించారు, కాబట్టి మ్యాచ్ మాదే అన్నది కాశీ వాదన. నిషేధంలో ఉన్నవాణ్ణి దింపిన జట్టు 3-0తో ఓడినట్టు లెక్క. ఫుట్‌బాల్‌లో ఇంత శుభ్రమైన గోల్స్ ఇంకెక్కడా దొరకవు. గోల్‌కీపర్ అడ్డు లేడు, ఆఫ్‌సైడ్ గొడవ లేదు, స్ట్రైకర్‌కి జీతం లేదు.

కార్డుల లెక్క గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. విదేశీ ఆటగాళ్లకు డబ్బు ధారాళంగా పోసే క్లబ్బు కూడా ఇరవై రూపాయల నోటుబుక్కు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ముడుచుకుంటుంది కాబట్టి. పుస్తకంలో ఒక్కో ఆటగాడికి ఒక్కో పేజీ ఉండాలి. మ్యాచ్ తేదీ, ఎదుటి జట్టు, నిమిషం, కార్డు రంగు, కారణం. ఆట అయ్యాక రిఫరీ నివేదికతో సరిచూసుకోకుండా స్టేడియం వదలకూడదు. గుంపుగా తోపులాట జరిగినప్పుడు రిఫరీ కార్డెత్తింది ఎవరి మీదో గీత బయట నుంచున్నవాడికి తెలియదు. ఐదో నెంబరుకు పడింది పదిహేనుకు రాసుకుంటారు, మూడు వారాలయ్యాక కొంప మునుగుతుంది. ఒకే మ్యాచ్‌లో రెండు ఎల్లోలు పడి బయటికెళితే ఆ రెండూ చాలా లీగుల్లో మామూలు లెక్కలోకి రావు. అదే నేరుగా రెడ్ పడితే అంతకుముందు పడ్డ ఎల్లో అలాగే ఉంటుంది. ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. బెంచీ మీద కూర్చుని నోరు జారినవాడికి పడ్డదీ కార్డే. నాలుగోది పడగానే తర్వాతి మ్యాచ్ బంద్. ఎవరో ఉత్తరం రాయాలని, కంప్యూటర్‌లో పేరు పక్కన ఎర్రగా వెలగాలని ఎదురుచూడకుండా టీమ్ షీట్ మీద సంతకం పెట్టేముందు మేనేజరు ఆ పేజీ తిప్పి చూసుకోవాలి. అర నిమిషం పని. అయితే అందరూ ఈ అర నిమిషం కేటాయిస్తే న్యాయవాదులు ఏం తిని బతకాలన్న ప్రశ్న కూడా ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆ ప్రశ్నను ఎప్పుడూ నిర్లక్ష్యం చేయలేదు.

డిసిప్లినరీ కమిటీ కాశీకి 3-0 ఇచ్చింది. నామ్‌ధారి అప్పీలుకెళ్లింది, ఫిబ్రవరిలో స్టే వచ్చింది. ఏప్రిల్ 18న అప్పీలు కమిటీ మొదటి తీర్పును కొట్టేసింది. మర్నాడు చర్చిల్ చాంపియన్ అని ప్రకటించారు. కాశీ లొసాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు, అదే కాస్, మెట్లెక్కింది. ట్రోఫీ ఎవరికీ ఇవ్వొద్దని ఏప్రిల్ 27న కాస్ నుంచి ఆదేశం. ఆ రోజే గోవాలో ట్రోఫీ చర్చిల్ చేతికి అందింది. 132 మ్యాచ్‌ల్లోనూ ఇంత మెరుపు కౌంటర్ ఎటాక్ లేదు. జూన్‌లో కాస్ ఆ మూడు పాయింట్లూ కాశీవేనని తేల్చింది. 39కి మూడు కలిపితే 42. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనది ఒకటి అక్కడ వదిలేసి రావాలంటారు. చర్చిల్ వాళ్లకు ఆ ప్రయాణం కూడా లేకుండానే వదలాల్సి వచ్చింది.

అక్కడితో అయిపోతే అది ఫుట్‌బాల్ అయ్యేది. మారియో బార్కో అనే స్పెయిన్ స్ట్రైకర్ ఫైలు ఇంకోటి ఉంది. కాశీ ఆటగాడే. గాయపడితే అతని పేరు తీసేసి వేరొకరిని నమోదు చేశారు. కోలుకున్నాక ఇంకో విదేశీయుణ్ణి తప్పించి బార్కోను మళ్లీ చేర్చారు. ఒకసారి పేరు కొట్టేసినవాణ్ణి అదే సీజన్‌లో తిరిగి రాసుకోవచ్చా? చర్చిల్, నామ్‌ధారి, రియల్ కశ్మీర్ మూడూ కూడదన్నాయి. మన అప్పీలు కమిటీ వాళ్లతో ఏకీభవించింది. కాస్ ఏకీభవించలేదు. జులై 18న కాశీని వెంటనే విజేతగా ప్రకటించమంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బార్కో కొట్టిన గోల్స్ కన్నా బార్కో పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాయడం పట్టిక మీద ఎక్కువ పని చేసేలా కనిపించింది. స్ట్రైకర్ కాలుకన్నా గుమాస్తా కలం బలమైనదని ఇన్నాళ్లకు రుజువైంది.

కాబట్టి వచ్చే సీజన్‌కు క్లబ్బులు బడ్జెట్‌ను సరైన చోట పెట్టుకోవాలి. కాస్‌లో అప్పీలు వెయ్యాలంటే, నియమావళిలో వేరే గడువు లేకపోతే, తీర్పు చేతికందిన 21 రోజుల్లోపు వెయ్యాలి. దరఖాస్తు రుసుం వెయ్యి స్విస్ ఫ్రాంకులు, తిరిగి రాదు. ఆ గడువు ముగిసిన పది రోజుల్లో పూర్తి వాదన దాఖలు చెయ్యాలి. వేసవిలో లొసాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది, చలికాలంలో నాలుగున్నర. మనకు రాత్రి పదైనా వాళ్ల ఆఫీసు కుర్చీ ఇంకా వెచ్చగానే ఉండొచ్చు. ఇది సొంతగడ్డ అనుకూలత కన్నా విలువైనది. అక్కడ నడిచే భాషలు ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్. స్పెయిన్ కోచ్‌ను పెట్టుకున్నవాళ్లు ముందుచూపున్నవాళ్లని ఇప్పుడైనా ఒప్పుకోవాలి. స్టే కోసం వేరే అర్జీ ఉంటుంది, దానిలో ‘ఇప్పుడు ఆపకపోతే తర్వాత సరిదిద్దలేని నష్టం’ అన్న ముక్క తప్పకుండా ఉండాలి. మధ్యవర్తి ఒక్కరా ముగ్గురా అన్నదాన్నిబట్టి ఖర్చు పెరుగుతుంది. ఇవన్నీ కలిపినా ఒక మంచి సెంటర్ ఫార్వర్డ్ కన్నా చవకేనని వాదించేవాళ్లున్నారు. పైగా వకీలుకి మోకాలు ముడుచుకుపోదు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన సామెత. ఐ-లీగ్ గెలిస్తే పైమెట్టు ఇండియన్ సూపర్ లీగ్. 2023లో పంజాబ్ ఎఫ్‌సీ, 2024లో మొహమ్మదన్ క్లబ్బు అలాగే ఎక్కాయి. కాశీ కూడా ఎక్కబోయింది. కానీ తీర్పుకు వారం ముందు, జులై 11న, సూపర్ లీగ్ నిర్వాహకులు ఆ లీగ్‌నే పక్కన పెట్టేశారు. 2010లో ఫెడరేషన్‌తో కుదిరిన 15 ఏళ్ల హక్కుల ఒప్పందం 2025 డిసెంబర్ 8తో తీరిపోతుంది, కొత్తది కుదరలేదు, సీజన్ మధ్యలో ఒప్పందం చచ్చిపోతే ఎవరు బాధ్యులని వాళ్ల అనుమానం. పదిహేనేళ్ల గడువు హఠాత్తుగా వచ్చి పడిందని మనం అర్థం చేసుకోవాలి. క్యాలెండర్లు ఏటా మారుతుంటే ఎవరు మాత్రం గుర్తుపెట్టుకుంటారు?

అక్టోబర్‌లో ఆ హక్కులకు టెండరు పిలిచారు. ఏడాదికి కనీసం 37.5 కోట్లు, లేదా రాబడిలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది ఫెడరేషన్‌కు ఇవ్వాలి. నవంబర్ 7 ఆఖరి తేదీ. వచ్చిన బిడ్లు సున్నా. దీన్ని చాలామంది పరాజయంగా రాశారు. పొరపాటు. ఇంత పెద్ద పోటీలో ఒక్క ఫిర్యాదు కూడా లేకుండా, ఓడిపోయినవాళ్లెవరూ లేకుండా, ఎవరూ అప్పీలుకు వెళ్లే అవకాశం లేకుండా ముగిసిన ఏకైక ఘట్టం ఇదే.

తెలుగువాళ్లం ఈ పరిణామంలో వెనకబడ్డామనుకోవాల్సిన పనిలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి వెళ్లిన భారత జట్టుకు కోచ్ మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ రోజుల్లో పాపం పచ్చిక మీదే ఆడేవారు. కాలం మారింది. ఫెడరేషన్ కొత్త రాజ్యాంగం ముసాయిదాను సిద్ధం చేసినవారు ఆంధ్ర నుంచి వెళ్లిన సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు. ఆయన తన పని తాను నిక్కచ్చిగా చేశారు, అందులో హాస్యం లేదు. దేశానికి మనం కోచ్‌ను పంపిన చోట ఇప్పుడు న్యాయమూర్తిని పంపాల్సి రావడంలోనే ఉంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి తీసుకోండి. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3-1తో ఓడించి సూపర్ లీగ్ గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు, ఫిఫా బదిలీ నిషేధం, విదేశీయులు ఒకరి తర్వాత ఒకరు విమానం ఎక్కడం. 2023-24లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచింది, ఎనిమిది పాయింట్లతో అట్టడుగున నిలిచింది. అట్టడుగున నిలిచిన జట్టును కింది లీగ్‌కు పంపే నియమం అప్పట్లో లేదు కాబట్టి జట్టు అక్కడే ఉండిపోయింది. యజమాని మారాక, 2025 అక్టోబర్‌లో, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుని వెళ్లిపోయింది. ప్రపంచమంతా ఓడిన జట్టు కిందికి దిగుతుంది, ఇక్కడ ఊరు దిగింది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీలేసుకుని కూర్చున్నవాళ్లు ఏ మ్యాచ్‌లో ఓడిపోయారో ఇప్పటికీ ఏ పట్టికా చెప్పదు.

శ్రీనిధి దక్కన్ మరీ అమాయకం. విశాఖలో పుట్టి దక్కన్ అరీనాలో స్థిరపడిన ఈ క్లబ్బుది ఐ-లీగ్‌లో 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. రెండుసార్లూ పైనున్నవాళ్ల నోటుబుక్కులు తిరగేసే ఆలోచన రాలేదు కాబోలు, గోల్స్ వేసుకుంటూ కూర్చున్నారు.

ఇక 2026. జనవరి 6న కేంద్ర క్రీడామంత్రి సూపర్ లీగ్ ఫిబ్రవరి 14న మొదలవుతుందని ప్రకటించారు. కాశీతో కలిపి 14 క్లబ్బులు. సమయం లేదు కనుక ఒకరితో ఒకరు ఒక్కసారే ఆడాలన్నారు, మొత్తం 91 మ్యాచ్‌లు. ఒక్కో జట్టుకు 13. పదమూడు బేసి సంఖ్య, సగానికి చీలదు. అంటే షెడ్యూల్ ఎంత జాగ్రత్తగా వేసినా అందరికీ సొంతగడ్డ మీద సమానంగా మ్యాచ్‌లు రావు. ఒకడికి ఏడొస్తే ఇంకొకడికి ఆరు. ఎదుటి జట్టు ఊళ్లో ఓడినవాడు తిరుగు మ్యాచ్‌లో బదులు తీర్చుకుందామన్నా రెండో మ్యాచ్ లేదు. బంతి కదలకముందే ఇంత మంచి కారణం దొరకడం అరుదు. అర్జీ రాసేవాళ్లు షెడ్యూల్ కాపీని మొదటి అనుబంధంగా పెట్టి, వకాల్తా మీద సంతకం చేయించి, తేదీ మాత్రం ఖాళీగా ఉంచుకోవాలి.