కోనన్ పుస్తకాల వెన్నుమీది నంబరు గారికి

మహారాజశ్రీ నంబరు గారికి,

ఉభయకుశలోపరి. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఇంజనీరింగ్ గైడ్లకీ పాత కంప్యూటర్ పుస్తకాలకీ మధ్య తమరు దర్జాగానే ఉన్నారు. అట్ట చిరిగినా, మొదటి పేజీలు ఊడినా, వెన్నుమీద తమరికొచ్చిన లోటేమీ లేదు. అమ్మేవాడికి ఇంగ్లీషు సాహసకథల్లోని కత్తివీరుడు కోనన్ ఎవరో తెలియకపోవచ్చు, తమరు మాత్రం తెలుసు. "ఏక్ సే బారా, పూరా సెట్ సాబ్" అని తమర్ని చూపించే రేటు పెంచుతాడు. కొన్నవాడు బుద్ధిగా ఒకటో నంబరు విప్పుతాడు. అక్కడే బోల్తా పడతాడు.

ఒకటో నంబరులో మొట్టమొదటి కథ 'ది థింగ్ ఇన్ ది క్రిప్ట్'. అది కోనన్‌ని పుట్టించిన రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసింది కాదు. ఆయన 1936 జూన్‌లో, ముప్ఫై ఏళ్ళకే పోయాడు. చాలాకాలం తర్వాత ఎల్. స్ప్రేగ్ డి క్యాంప్, లిన్ కార్టర్ అనే వేరే రచయితలిద్దరు కలిసి రాసిన కథ అది. గుడికెళ్తే మూలవిరాట్టు కంటే ముందు ధర్మకర్త గారి ఫోటోకి దణ్ణం పెట్టించినట్టుంది తమరి వ్యవహారం.

తమరి జాతకం కూడా అంతంతమాత్రమే. 1966లో లాన్సర్ అనే ప్రచురణ సంస్థవాళ్ళు ఈ పేపర్‌బ్యాకులు మొదలెట్టినప్పుడు ముందొచ్చింది 'కోనన్ ది అడ్వెంచరర్'. చిత్రకారుడు ఫ్రాంక్ ఫ్రజెట్టా అట్టబొమ్మతో వచ్చింది. వరస కట్టేసరికి దానికి దక్కింది ఐదో స్థానం. పన్నెండోది 1968లోనే వచ్చేసింది. పదకొండోది మాత్రం, లాన్సర్ 1973లో దివాలా తీశాక, ఏస్ వాళ్ళ చేతిలో 1977లో కళ్ళు తెరిచింది. అన్నగారికంటే తమ్ముడుగారు తొమ్మిదేళ్ళు పెద్ద!

"నేను హీరో వయసు ప్రకారం నడుస్తాను, అచ్చయిన తేదీలతో నాకేం పని?" అని తమరు దబాయించొచ్చు. మరి హోవర్డ్ ఎలా రాశాడు? 1932 డిసెంబర్ 'వియర్డ్ టేల్స్' పత్రికలో వచ్చిన తొలి కథలోనే కోనన్ రాజు, నడివయసువాడు. రెండో కథలోనూ రాజే. 1933 మార్చిలో వచ్చిన 'ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్'కి వచ్చేసరికి మీసం మొలిచీ మొలవని దొంగ. ఇద్దరు అభిమానులు కోనన్ జీవితానికి ఒక వరస కట్టి పంపిస్తే ఆయన కాదనలేదు, మెచ్చుకున్నాడు కూడా. కానీ సాహసాలు చేసినవాడు తన కథలు చెప్పేటప్పుడు వరసగా చెప్పడని, గుర్తొచ్చినప్పుడు గుర్తొచ్చినట్టు చెబుతాడని ఆ జవాబులోనే రాశాడు. ఇదంతా 1936 మార్చి నాటి ముచ్చట. ఆ ఉత్తరం తమరి దాకా చేరినట్టు లేదు.

ఇక అసలు సంగతి. తమరి పన్నెండింటిలో 6, 10, 11, 12లలో హోవర్డ్ కథ ఒక్కటీ లేదు. రెండు, మూడు, నాలుగులో ఇంకో తమాషా. హోవర్డ్ వేరే హీరోలకి రాసుకున్న కథల్ని డి క్యాంప్ గారు కోనన్ కథలుగా మార్చారు. నాలుగులో ఉన్న 'ది ఫ్లేమ్ నైఫ్' పుట్టుకతో అఫ్ఘానిస్తాన్ కథ. తుపాకులు తీసేసి, కత్తులు ఇచ్చి, కాస్త మంత్రతంత్రం చల్లితే కోనన్ అయిపోయింది. అది చూస్తే విఠలాచార్య గారైనా ముచ్చటపడేవారు.

ఒకరు సగంలో వదిలింది ఇంకొకరు పూరించడం తప్పేమీ కాదు, తెలుగువాళ్ళకి అది కొత్తా కాదు. కానీ అరణ్యపర్వంలో 'శారదరాత్రులు' దగ్గర నన్నయ ఆగాడని, అక్కణ్ణుంచి ఎర్రన అందుకున్నాడని మన బడిపిల్లలకీ తెలుసు. తమరి ఐదో నంబరులో, హోవర్డ్ సగంలో వదిలేస్తే డి క్యాంప్ పూర్తిచేసిన 'డ్రమ్స్ ఆఫ్ టొంబాల్కు' చదివినవాడికి హోవర్డ్ ఏ వాక్యం దగ్గర కలం దించాడో తెలిసే దారేది?

అందుకని ఆబిడ్స్‌లో ఇప్పుడు తమరి ముఖం చూసి డబ్బు తియ్యొద్దని చెబుతున్నాం. ముందు విషయసూచిక తిప్పి, కథ పక్కన ఎవరి పేరుందో చూడాలి. హోవర్డ్ పేరొక్కటే ఉంటే మంచిది, రెండుంటే బేరం గట్టిగా ఆడాలి. పేర్లు మారిన కథలతో ఇంకా జాగ్రత్త: 'ది అవర్ ఆఫ్ ది డ్రాగన్', 'కోనన్ ది కాంకరర్' రెండూ ఒకే నవల. 'జూతల్ ఆఫ్ ది డస్క్', 'ది స్లిదరింగ్ షాడో' కూడా ఒకటే. తెలియక రెండుసార్లు కొనేవాళ్ళకి లోటు లేదు. 1977లో కార్ల్ ఎడ్వర్డ్ వాగ్నర్ సంపాదకత్వంలో బర్క్‌లీ వేసిన మూడు పుస్తకాలు కనబడితే వదలకూడదు, వాటిలో అంతా హోవర్డే. లోపలి మడత పోస్టరు ఉందో లేదో చూసుకోవాలి, చాలావాటిలో ఎవరో చింపుకుపోయి ఉంటారు.

తలనొప్పే వద్దనుకుంటే డెల్ రే వాళ్ళ మూడు సంపుటాలు, 2003, 2004, 2005. 13, 3, 5 చొప్పున హోవర్డ్ పూర్తిచేసిన 21 కథలూ, ఆయన రాసిన క్రమంలో, చిత్తుప్రతులతో సహా ఉన్నాయి. తమరి ఎనిమిదో నంబరులో డి క్యాంప్ సవరణలతో 'ది ట్రెజర్ ఆఫ్ ట్రానికోస్'గా వెలిసిన కథ మూడో సంపుటంలో 'ది బ్లాక్ స్ట్రేంజర్'గా అసలు రూపంలో దొరుకుతుంది.

అయినా తమరి పాత ప్రతే కావాలనే మొండివాళ్ళు ఉంటారు, ఆ అట్టలు అలాంటివి. వాళ్ళకి ఒక మాట: ఈ ఊరి మే నెల ఎండకి వెన్నులోని గమ్ము ఎండి పెళుసెక్కుతుంది. పుస్తకాన్ని వెల్లకిలా పరిచి నొక్కితే సరిగ్గా మధ్యలో ఫట్‌మంటుంది, పేజీలు చీటీల్లా రాలతాయి. సగానికి మించి తెరవకూడదు. సెల్లోటేపు అసలే వద్దు, కొన్నేళ్ళకి అది ఊడి, జిగురు మరక కాగితంలో ఉండిపోతుంది.

ఇందరిలో మచ్చలేనివారు ఇద్దరే, 7, 9. ఏడులో 'రెడ్ నెయిల్స్'తో కలిపి మూడు కథలు, మూడూ హోవర్డ్‌వి. వారిద్దరికీ మా నమస్కారాలు ప్రత్యేకంగా అందజేయగలరు.

ఇట్లు,
విషయసూచిక చూడందే పర్సు తియ్యని ఆబిడ్స్ ఆదివారం బేరగాళ్ళు