క్లయింట్లు కాస్త సహకరించాలి

థెరపీకి వచ్చే జనంలో ఈ మధ్య క్రమశిక్షణ బాగా తగ్గిపోయిందండి. థెరపిస్టు పాపం సమాజాన్ని మార్చేద్దామని పొద్దున్నే ఖాదీ కుర్తా ఇస్త్రీ చేయించుకుని కూర్చుంటే, వీళ్ళేమో వచ్చి సొంత గోడు వెళ్ళబోసుకుంటున్నారు.

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ వచ్చిందనుకోండి, బ్యాంకు ఉద్యోగం, ఐదింటికే లేచి రెండు బాక్సులు కట్టి, అత్తగారికి ఉప్పు తగ్గించి పప్పు వేరేగా తీసి, రాత్రి అంట్లు తోముకుని పడుకుంటే నిద్ర పట్టట్లేదు. "ఇది పితృస్వామ్యం అమ్మా" అని మనవాడు అరగంట విడమర్చి చెప్తాడు. ఆవిడ అంతా విని "అవునండీ, పెళ్ళైన వారానికే తెలిసింది, మరి నిద్ర సంగతేంటి" అంటుంది. చూశారా పొగరు! పోనీ ఇల్లొదిలి వచ్చెయ్యమంటే "అబ్బే, మా ఆయనంటే ఇష్టమేనండీ, రాత్రి వంట ఆయన చేత చేయిద్దామని" అట. విప్లవానికి ఇంత చిన్న టార్గెటా? అప్పట్లో పెద్దమనుషులు సర్దుకుపొమ్మనేవాళ్ళు, ఇప్పుడు మనం తెంచుకుపొమ్మంటున్నాం, రెండిట్లోనూ ఆవిణ్ణి అడిగే పనే లేదు, ఎంత టైం కలిసొస్తుందో.

ఇంకో రకం థెరపిస్టులున్నారు, వాళ్ళు మరీ ఘనులు. ఆఫీసులో ఇంటిపేరేంటి, ఏ ఊరు, నాన్నగారేం చేస్తారు అని కూపీ లాగారని, ఆ తర్వాత నుంచి లంచ్‌కి ఒక్కడే కూర్చుంటున్నానని ఓ దళిత కుర్రాడు చెప్తే "కులం ఇప్పుడెక్కడుంది, పాజిటివ్‌గా ఉండు, ఊపిరి గట్టిగా పీల్చు" అంటారు. ఊపిరితిత్తులతో కులనిర్మూలన అన్నమాట, అంబేద్కర్ గారికి ఈ ఐడియా తట్టలేదు పాపం. మనవాడు దీనికి పూర్తిగా రివర్సు, "రేపే అందరి ముందూ చెప్పెయ్, కేసెయ్" అంటాడు. ఉద్యోగం పోతే ఈఎమ్ఐ కుర్రాడిది, తెగింపు క్రెడిట్ మనది. కుర్రాడు అడిగిందల్లా ఎవరితో చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి తేల్చుకోడానికి కాస్త తోడు, అంత చిన్న పనికి మనమెందుకు.

మధ్యలో ఈ రూల్సొకటి. చికిత్స విషయంలో ఒకరి నిర్ణయం పక్కవాళ్ళకి తప్పనిపించినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయించుకునే సామర్థ్యం లేనట్టు కాదని మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో రాసేశారు. అమెరికా కౌన్సెలర్ల సంఘమైతే 2014 నియమావళిలో మీ విలువలు క్లయింట్ మీద రుద్దొద్దంది, మళ్ళీ 2015లో సామాజిక న్యాయం కూడా కౌన్సెలర్ పనేనన్న పత్రాన్ని ఆమోదించింది. అంటే అన్యాయాన్ని అన్యాయం అనాలి, ఆ తర్వాత నోరు మూసుకుని వినాలి కూడానట, ఇదెక్కడి గోలండీ!

అందుకే నేనో ఫారం తయారుచేశా: "నా జీవితం మీద నాకున్న అభిప్రాయాలను చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి వస్తానని హామీ ఇస్తున్నాను. పోయినచో యాజమాన్యానికి బాధ్యత లేదు." కింద సంతకం, ఫీజు అడ్వాన్సు.