ముందు ఆ లెక్కల కాగితం చూపించమనండి

ఇవాళ పొద్దున మా బంధువుల వాట్సాప్ గ్రూపులో, వరసకు నాకు అన్నయ్య అయ్యే ఒక పెద్దమనిషి పాత వీడియో ఒకటి పెట్టారు. 2024 జులైలో వెనెజువెలాలో అధ్యక్ష ఎన్నికల ఫలితం ప్రకటించిన మర్నాడు, రాజధాని కరాకస్‌లో జనం ఖాళీ గిన్నెలు మోగిస్తూ వీధుల్లోకి వచ్చినప్పటి దృశ్యం అది. మా అమ్మ వయసున్న ఒకావిడ సొట్టలు పడిన గిన్నెను గరిటెతో కొడుతూ, కళ్లు తుడుచుకుంటూ నడుస్తోంది. దాని కింద ఆయన రాసిన మాట ఇది: "ఆటలో ఓడిపోయినవాళ్లు కుర్చీలు విరగ్గొట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే." పక్కనే పగలబడి నవ్వుతున్న బొమ్మ. గంట తిరక్కుండానే పదకొండుమంది దాన్ని మెచ్చుకున్నారు. మధ్యాహ్నం దాటినా నా కోపం చల్లారలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆట పోలిక ఆయన సొంతం కాదు. 2009 జూన్ 12న ఇరాన్‌లో ఎన్నికలు జరిగితే, పోలింగ్ ముగిసిన కొద్ది గంటలకే అప్పటి అధ్యక్షుడు అహ్మదీనెజాద్ మళ్లీ గెలిచారని చాటేశారు. ఆయనకు 62 శాతానికి పైగా ఓట్లు వచ్చాయన్నారు. "నా ఓటు ఏది?" అని రాసిన అట్టముక్కలు పట్టుకుని లక్షలమంది టెహ్రాన్ వీధుల్లోకి వస్తే, ఫుట్‌బాల్ మ్యాచ్ తర్వాత పొంగే ఆవేశంలాంటిదే ఇదీ అని అహ్మదీనెజాద్ తేల్చేశారు. నిరసనకారులను గడ్డీగాదం, చెత్తాచెదారం కింద జమకట్టారు. ఓడినట్టు ప్రకటించబడిన ప్రత్యర్థి మూసవిని 2011 ఫిబ్రవరి నుంచి గృహనిర్బంధంలో పెట్టారు. ఒక పాలకుడు తన ప్రజలను చిన్నబుచ్చడానికి వాడిన పోలికను, వాళ్లతో ఏ వైరమూ లేని మనం వంటింట్లో కూర్చుని మళ్లీ వాడుతున్నామంటే నాకు ఒళ్లు మండుతోంది.

అసలు ఆ గిన్నె మోగించిన ఆవిడ ఏం అడిగిందో చూద్దాం. వెనెజువెలాలో ఓటు యంత్రం మీద వేస్తారు. పోలింగ్ ముగిశాక ప్రతి యంత్రమూ ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో చూపే పొడుగాటి చీటీని అచ్చువేసి ఇస్తుంది. పార్టీల ఏజెంట్లు దానిమీద సంతకాలు పెట్టి తలా ఒక ప్రతి తీసుకుంటారు. అంటే ఆ రాత్రి దేశమంతటా ఓట్ల లెక్క కాగితం మీద ఉంది. ఎన్నికల మండలి అప్పుడు గద్దె మీదున్న అధ్యక్షుడు మదురోకు 51.2 శాతం వచ్చిందని ప్రకటించింది గాని, ఏ యంత్రంలో ఎన్ని పడ్డాయన్న పట్టికను ప్రకటించలేదు. ప్రతిపక్షం మాత్రం తన ఏజెంట్లు దాచి తెచ్చిన చీటీలను స్కాన్ చేసి, 80 శాతానికి పైగా చీటీలను ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. వాటి ప్రకారం ప్రతిపక్ష అభ్యర్థి ఎడ్ముండో గొంజాలెజ్‌కు వచ్చినవి దాదాపు 67 శాతం. ఆ ఎన్నికల మండలే పరిశీలనకు పిలిచిన అమెరికా సంస్థ కార్టర్ సెంటర్ కూడా, ఈ ఎన్నికను ప్రజాస్వామికమని అనలేమని చెప్పింది. ఇంత జరిగాక, ఆ చీటీలు అబద్ధమైతే మీ పట్టిక చూపించండి అని అడగడానికి ఒక తల్లి వీధిలోకి వస్తే, అది కుర్చీలు విరగ్గొట్టడమా? రెండు వేలమందికి పైగా అరెస్టయ్యారు, ఇరవైమందికి పైగా చనిపోయారు. మన గ్రూపులో మాత్రం నవ్వు బొమ్మ.

నేను మర్యాదగా ఇదంతా రాస్తే ఆయన జవాబు: "అన్యాయం జరిగితే కోర్టుకు వెళ్లాలి గాని రోడ్డెక్కడమేమిటి?" ఈ మాట నేను చాలా ఏళ్లుగా వింటున్నాను, విన్న ప్రతిసారీ నాకు 2007 కెన్యా గుర్తుకొస్తుంది. డిసెంబర్ 30న అప్పటి అధ్యక్షుడు కిబాకీ మళ్లీ గెలిచారని ప్రకటించి, చీకటి పడే వేళకు హడావుడిగా ప్రమాణం చేయించేశారు. కోర్టుకు వెళ్లమని ఆయన ప్రత్యర్థి ఒడింగాకు హితబోధ చేసినవాళ్లెవరూ, ఆ న్యాయమూర్తుల మీద ఒడింగా వర్గానికి నమ్మకం ఎందుకు లేదో ఆలోచించలేదు. ఫలితం ప్రకటించిన ఎన్నికల సంఘం అధ్యక్షుడే, కిబాకీ నిజంగా గెలిచారో లేదో తనకు తెలియదని కొద్దిరోజుల్లోనే అన్నారు. లెక్కలు ఎంతగా కలుషితమయ్యాయంటే, ఎవరు గెలిచారో ఇక ఎప్పటికీ తేల్చలేమని తర్వాత విచారించిన క్రీగ్లర్ కమిషన్ చేతులెత్తేసింది. ఆ రెండు నెలల్లో 1,100 మందికి పైగా చనిపోయారు. ఎల్డొరెట్ దగ్గర కియాంబాలో చర్చిలో తలదాచుకున్న స్త్రీలను, పిల్లలను తలుపులు మూసి తగలబెట్టారు. దాన్ని నిరసన అని నేను ఎన్నడూ అనను. అది హత్య, చేసినవాళ్లు హంతకులు. అయితే ఆ హంతకులను చూపించి, ఓటు లెక్క అడిగిన ప్రతి మనిషినీ వాళ్ల గాటన కట్టేయడం కూడా అన్యాయమే.

అదే కెన్యా తర్వాత ఏం చేసిందో మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. 2017లో సుప్రీంకోర్టు అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసింది. 2022లో 46 వేలకు పైగా పోలింగ్ కేంద్రాల ఫలితాల పత్రాలను ఎన్నికల సంఘం వెబ్‌సైటులో పెట్టింది. ఎవరైనా దించుకుని కూడుకోగలిగారు. ఒడింగా మళ్లీ ఓడారు, కోర్టుకు వెళ్లారు, అక్కడా ఓడారు. అక్కడక్కడ ఉద్రిక్తతలు వచ్చాయి గాని, 2007 నాటి రక్తపాతం లేదు.

ఆఫ్రికాలోనే ఉన్న మలావీ సంగతి వింటే అన్నయ్యగారు ఏమంటారో. 2019 మేలో అక్కడ జరిగిన ఎన్నికల ఫలితాల పత్రాలలో చాలావాటిమీద అంకెలను వైట్‌నర్‌తో చెరిపి మళ్లీ రాశారు. పిల్లలు నోటు పుస్తకంలో తప్పు దిద్దుకున్నట్టు, ఒక దేశపు తీర్పును దిద్దేశారు. జనం నెలల తరబడి వీధుల్లో నడిచారు. 2020 ఫిబ్రవరి 3న అయిదుగురు న్యాయమూర్తులు తూటాలు తగలని చొక్కాలు తొడుక్కుని, సైనికుల కాపలాలో కోర్టుకు వచ్చి, గంటల తరబడి తీర్పు చదివి ఆ ఎన్నికను కొట్టేశారు. మళ్లీ ఓటు వేస్తే, మొదటిసారి ఓడినట్టు చెప్పిన ప్రతిపక్ష నేత చక్వేరా దాదాపు 59 శాతంతో గెలిచారు. జనం ఇళ్లలో కూర్చుని ఉంటే ఆ వైట్‌నర్ కింది అంకె గురించి ఎవరు పట్టించుకునేవారు?

"అయితే ఓడినవాళ్లందరూ చెప్పేది నిజమేనా?" అని మరో బంధువు అందుకున్నారు. కాదు, ముమ్మాటికీ కాదు. అమెరికాలో 2020 ఎన్నికల తర్వాత జార్జియా రాష్ట్రంలో దాదాపు 50 లక్షల ఓట్లను చేత్తో తిరిగి లెక్కించారు. వ్యాజ్యాలు పదుల సంఖ్యలో కోర్టులకు వెళ్లి వీగిపోయాయి. అడిగినదానికి జవాబు దొరికాక కూడా 2021 జనవరి 6న పార్లమెంటు భవనంలోకి చొరబడినవాళ్లకు నా సానుభూతి లేదు. వాళ్లకు కాగితం చూపించారు, వాళ్లు చూడనే చూడం పొమ్మన్నారు. కరాకస్‌లో ఆవిడ చూపించమంది, పాలకులు చూపించలేదు. ఈ తేడా తెలియనంత కష్టమైనదేమీ కాదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆ చివరి మాట. ప్రతి చర్చా చివరికి దానిదగ్గరికే వస్తుంది: "దేశం ప్రశాంతంగా ఉండాలి కదా, సర్దుకుపోవాలి." ఎప్పుడూ సర్దుకుపొమ్మనేది ఓటు పోయినవాళ్లనే. పట్టిక బీరువాలో పెట్టి తాళం వేసుకున్నవాళ్లను, కాస్త సర్దుకుని ఆ కాగితం బయటపెట్టండి అని అడిగిన పెద్దమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. పగిలిన అద్దాలు, కాలిన టైర్లు అయితే టీవీలో గంటకోసారి లెక్కపెడతారు.

సాయంత్రం నేను గ్రూపులో ఒక్కటే అడిగాను: ఆ పట్టిక ఎందుకు ప్రకటించలేదో మీలో ఎవరైనా చెప్పగలరా? అన్నయ్యగారు చూశారు, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఆవిడ ఏడుపు కింద ఆ నవ్వు బొమ్మ ఇంకా అలాగే ఉంది. అన్నయ్యా, వాదన సంగతి తర్వాత చూసుకుందాం, ముందు దాన్ని తీసేయండి.