న్యూస్‌కి ఫుల్‌ఫామ్ లేదండీ

మా అమ్మాయి ఏడో తరగతి. నిన్న దాని ఇంగ్లీషు నోట్సు తిరగేస్తుంటే ఒక వాక్యం కింద ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది: "న్యూస్ అంటే నార్త్, ఈస్ట్, వెస్ట్, సౌత్." మా బళ్ళోనూ అక్షరం పొల్లుపోకుండా ఇదే చెప్పారు. చూడగానే ఒళ్ళు మండింది.

ఇది కట్టుకథ. ఇంగ్లీషులో న్యూ అంటే కొత్త, న్యూస్ అంటే కొత్త సంగతులు. దిక్కులతో పనే లేదు. గోల్ఫ్‌కి "జెంటిల్‌మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్బిడెన్" అని వాట్సాప్‌లో తిరిగేదీ అంతే. విలువిద్య సాధన మానేసి జనం ఆటల్లో పడుతున్నారని 1457లోనే స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్‌ని నిషేధించింది. ఆ మాట అంత పాతది. హోటల్లో ఇచ్చే టిప్‌కీ ఓ ఫుల్‌ఫామ్ అంటగట్టారు. నిజానికి అది ఇంగ్లండు దొంగలు తమలో తాము మాట్లాడుకునే భాషలోంచి వచ్చింది, "ఇవ్వు" అని అర్థం. పొడి అక్షరాలు కలిపి మాటలా పలకడం ఇంగ్లీషులో 20వ శతాబ్దంలోనే ఊపందుకుంది. అంతకంటే పాత మాటకి ఎవరు ఫుల్‌ఫామ్ చెప్పినా వెంటనే నమ్మకండి.

"ఓకే" అనే మాట ఒక్కటి వేరు. అది నిజంగానే పొడి అక్షరాల మాట. 1830ల చివర్లో బోస్టన్ పత్రికలవాళ్ళకి ఓ సరదా పట్టుకుంది: కావాలని స్పెల్లింగు తప్పు రాసి, ఆ తప్పుకి పొడి అక్షరాలు పెట్టడం. "ఆల్ కరెక్ట్"ని ఓతో, కేతో మొదలుపెట్టి రాసి, దాన్ని ఓకే చేశారు. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్‌లో అచ్చయింది. అలాంటి మాటలు బోలెడు పుట్టి పోయాయి, ఇది మాత్రం నిలిచింది. ఎందుకంటే మరుసటేడు అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో మార్టిన్ వాన్ బ్యూరెన్ నిలబడ్డాడు. ఆయన ఊరు కిండర్‌హుక్, అందుకని "ఓల్డ్ కిండర్‌హుక్" అన్నారు, దాని పొడి అక్షరాలూ ఓకేనే. ఆయన మనుషులు ఓకే క్లబ్బులు పెట్టారు. ఆయన ఓడిపోయాడు, మాట గెలిచింది. అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు జల్లెడ పట్టి 1960లలో ఇదంతా తేల్చాడు. ఎంత ఓపిక! అంత కష్టపడి పట్టుకున్న నిజాన్ని పక్కనపెట్టి మనం పిల్లలకి దిక్కుల కథ చెబుతున్నాం.

మన పందికొక్కు సంగతి ఏ బళ్ళో చెబుతున్నారు? ఇంగ్లీషువాళ్ళు ఆ మాట మన దగ్గర పట్టుకుని బాండికూట్ చేశారు. ఆస్ట్రేలియాలో పొడుగు మూతి జంతువు కనిపిస్తే దానికీ అదే పేరు పెట్టారు. అక్కడి వాడుక భాషలో "బాండికూట్ చేయడం" అంటే, పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు తవ్వి ఎత్తుకుపోవడం! మన పొలాల్లో పందికొక్కు చేసే పని తెలిసినవాళ్ళకి ఇంకేం వివరించాలి?

రాత్రి అమ్మాయికి ఇదంతా చెప్పాను. ఆ ఎర్ర గీత పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో "పందికొక్కు" అని రాసుకుంది. రేపు టీచర్‌ని అడుగుతుందట.