మందు కాస్త ఎక్కువైంది

డ్రమ్మర్ కీత్ మూన్‌కి ఆరోజు మందు కాస్త ఎక్కువైంది. మీరనుకునే మందు కాదు. అదీ ఆయనకు అలవాటేగానీ, నేను చెప్పేది డ్రమ్ములో కూరిన మందు సంగతి.

1967 సెప్టెంబరు 17న అమెరికాలో ప్రసారమైన సీబీఎస్ టీవీ వాళ్ల స్మదర్స్ బ్రదర్స్ షోలో, ఇంగ్లండు రాక్ బ్యాండు 'ది హూ' వచ్చి 'మై జనరేషన్' పాడింది. మనం హారతిచ్చి భజన ముగించినట్టు, వాళ్లు సామాను పగలగొట్టి కచేరీ ముగించేవాళ్లు. ఆ పూట డ్రమ్ములో చిన్న పేలుడు కూడా పెట్టుకున్నారు. 'చిన్న' అన్న మాట మూన్‌కి నచ్చలేదు. స్టేజీ పనివాడి చెయ్యి తడిపి మరికాస్త దట్టించాడని చెబుతారు. దీపావళికి లక్ష్మీబాంబు మీద రేకుడబ్బా బోర్లించిన ప్రతివాడికీ ఈ 'మరికాస్త' తెలుసు.

నాకూ తెలిసింది, తెనాలిలో ఓ ఆదివారం మధ్యాహ్నం. కొత్తగా వూఫర్ స్పీకర్లు కొన్నాను. ధర తక్కువ, దడ ఎక్కువ. ఆ షో వీడియో పెట్టాను. పాతది కదా, పాట పీలగా వినబడుతోందని సౌండు మరికాస్త పెంచాను. చివర్లో ఏం వస్తుందో వందసార్లు చూసినవాణ్ణి, అయినా పెంచాను.

ఢామ్మంది. అలమరలో స్టీలు గ్లాసులు గణగణలాడాయి.

పక్కగదిలో కునుకు తీస్తున్న నాన్న లుంగీ బిగించుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "ట్రాన్స్‌ఫార్మర్ పేలిందిరా!" నెత్తిమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన పోయి మెయిన్ కట్టేశారు. అప్పుడు ఆగింది.

"గ్యాసు కట్టెయ్యవే!" అని అమ్మమ్మ అమ్మ మీద కేకేసింది.

పక్కింటి బాబాయిగారు బాల్కనీలోకొచ్చి, "ఏమైందండీ?" అన్నారు.

"ట్రాన్స్‌ఫార్మరండీ. కరెంటు పోయింది."

"మాకుందే!"

"మీది వేరే ఫేజయ్యుంటుంది," అన్నారు నాన్న ధీమాగా.

ఆయన లైన్‌మన్ నంబరు వెతుకుతుంటే ఇక తప్పక నిజం చెప్పేశాను. తిట్టలేదు. మెయిన్ వేసి, "ఏదీ, చూపించు," అన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్‌స్పెక్షనుకొచ్చిన ఆఫీసర్లా నిలబడ్డారు.

పేలుడుకి తెరంతా తెల్లబడింది. పొగలోంచి గిటారిస్టు పీట్ టౌన్షెండ్ జుట్టు తడుముకుంటూ బయటికొచ్చాడు. ఆయన చెవులు పాడవడానికి ఇదీ ఓ కారణమని చెబుతారు. తాళపుచిప్ప ముక్క ఎగిరొచ్చి మూన్ చెయ్యి కోసుకుపోయింది. బేస్ వాయించే జాన్ ఎంట్విజిల్ మాత్రం బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

"ఇతనొక్కడే సంసారపక్షంగా ఉన్నాడు," అన్నారు నాన్న.

ఇంతలో షో నడిపే టామ్ స్మదర్స్ మెడలో మామూలు గిటారుతో వచ్చాడు. టౌన్షెండ్ దాన్ని లాక్కుని నేలకేసి కొట్టాడు.

నాన్న ముందుకు వంగారు. "ఆ గిటారు ఎవరిది?"

"ఆయనదే, షో ఆయనది."

"అయ్యో! పిలిచి కూర్చోబెట్టినందుకా?" అని కాసేపు ఆలోచించి, "మళ్లీ పెట్టు, ఆ పేలేది," అన్నారు. చెయ్యి సౌండు మీదికి పోతుంటే, "అంతక్కర్లేదు," అని, కాసేపాగి, "కొంచెం పెంచు," అన్నారు.

వంటింట్లోంచి అమ్మమ్మ అడుగుతోంది, "ఇంక గ్యాసు వెలిగించొచ్చా?"