బ్యూరెట్ తడవని ప్రాక్టికల్స్

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలాచోట్ల ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ ఎలా ముగుస్తున్నాయో రాసే పిల్లలకు తెలుసు, చెప్పేవారికి తెలుసు, మార్కులు వేయడానికొచ్చే ఎక్స్‌టర్నల్‌కూ తెలుసు. సెమిస్టర్ చివర్లో సీనియర్ల రికార్డులు చేతులు మారతాయి. నిరుటి టైటర్ విలువలు, అంటే బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టం నుంచి ఎంత ద్రావణం పట్టిందన్న రీడింగులు, కొత్త అట్టల మధ్యకు చేరతాయి. ఎర్ర సిరాతో ఒక సంతకం పడుతుంది. ఈ తంతును పరీక్ష అనడానికి మాకు మనసొప్పడం లేదు.

నీటి కాఠిన్యం ప్రయోగమే తీసుకోండి. 50 మి.లీ. నీళ్లు, పీహెచ్‌ను 10 దగ్గర నిలిపే అమోనియా బఫర్, రంగు మార్పు చూపే ఇండికేటర్‌గా చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్-టి, బ్యూరెట్‌లో నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే 0.01 మోలార్ ఈడీటీఏ. వైన్ రెడ్ పూర్తిగా పోయి నీలం తిరిగిన చుక్క దగ్గర ఆపాలి. చెయ్యి తిరిగినవారికైనా 12.4, 12.3, 12.4 మి.లీ. అని కాస్త అటూఇటూగానే వస్తుంది. రికార్డుల్లో మాత్రం తరగతి మొత్తానికీ మూడుసార్లూ 12.4, జవాబు లీటరుకు 248 మిల్లీగ్రాములు. బఫర్ సీసా మూత వదులై అమోనియా ఎగిరిపోతే పీహెచ్ పడిపోయి ఎండ్‌పాయింట్ తేలదు, ఊదా రంగు దగ్గరే నాన్చుతుంది. ఇండికేటర్‌ను ద్రావణంగా కలిపి వారాల తరబడి ఉంచితే రంగే చెడుతుంది, సోడియం క్లోరైడ్‌తో నూరి పొడిగా దాచుకోవాలి. మన బోరు నీళ్ల సున్నం పేరుకుని డిస్టిల్డ్ వాటర్ యూనిట్ హీటర్ కాలిపోతే కుళాయి నీళ్లతోనే ద్రావణాలు కలిపేస్తారు, అప్పుడు నమూనా వేయని బ్లాంకే ఈడీటీఏ తాగుతుంది. ఇవన్నీ బ్యూరెట్ పట్టుకుని తప్పు చేస్తే వంటబట్టే సంగతులు. చూసి రాసినవారికి వీటిలో ఒక్కటీ తెలియదు.

ఇచ్చిన లవణంలో ఏమున్నాయో కనుక్కునే సాల్ట్ అనాలిసిస్ సంగతి మరీ విడ్డూరం. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు తయారుచేసే కిప్స్ ఆపరేటస్‌లో ఐరన్ సల్ఫైడ్ ముక్క వేసి ఏళ్లయినా, రికార్డులో ప్రతి ఒక్కరికీ కుళ్లిన కోడిగుడ్ల వాసన వచ్చే ఉంటుంది.

పోస్టులు ఖాళీ, కాంట్రాక్టు అధ్యాపకులతో నెట్టుకొస్తున్నాం, కెమికల్స్ కొనడానికి నిధులు లేవు అంటారు. నిజమే. సిల్వర్ నైట్రేట్ లేకపోతే ఆ ప్రయోగం చేయలేదని రాయాలి. చేసినట్టు రాసి మార్కులెలా వేస్తారు?

మా ఆందోళన ఒక్క పరీక్ష గురించి కాదు, అది వేస్తున్న దారి గురించి. చేయని ప్రయోగానికి అంకె రాయవచ్చని విశ్వవిద్యాలయమే సంతకం పెట్టి నేర్పిస్తోంది. అదే విద్యార్థి పీహెచ్‌డీలో చేరితే థీసిస్ మీద సాఫ్ట్‌వేర్ పట్టి వాక్యవాక్యమూ గాలిస్తారు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే థీసిస్ తిరిగి రాయాలి, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పక్కవాడి వాక్యం ఎత్తితే ఇంత శిక్ష. పక్కవాడి రీడింగ్ ఎత్తితే? ఊహించి రాస్తే? ఆ సాఫ్ట్‌వేర్‌కు అంకెలు అబద్ధమాడతాయని తెలియదు. దాన్ని కొన్న పెద్దలకు తెలుసు.

ఈ అంకెలు అట్టల మధ్యే ఉండిపోవు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన మనుషులున్నారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము వరకే ఉండాలని, మరో నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం. ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు నమూనాకు సమానంగా టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలపకపోతే అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచి రీడింగ్ తక్కువ చూపిస్తాయి. గాఢత పది రెట్లు మారితే దాదాపు 59 మిల్లీవోల్టుల తేడా రావాలి, బాగా తగ్గిందంటే ఎలక్ట్రోడ్‌నో గాఢత ముందే తెలిసిన స్టాండర్డ్‌లనో అనుమానించాలి. స్టాండర్డ్‌లు పెట్టకుండా 1.2 అని రాసేస్తే కాగితం మీద ఊరి నీళ్లు బాగుపడతాయి. ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ గదులకు వెళ్లే పిల్లలదీ ఇదే కథ. అక్కడ చేయని పరీక్షకు ఫలితం రాస్తే ఉద్యోగమే కాదు, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో కంపెనీ ఎగుమతులకే ముప్పు. రాయడం ఎక్కడ అలవాటైందని మాత్రం ఎవరూ అడగరు.

దీన్ని సరిదిద్దడానికి కోట్లు అక్కర్లేదు. హాల్‌టికెట్ నంబరును బట్టి ఒక్కొక్కరికి ఒక్కో గాఢతలో నమూనా ఇచ్చి, అసలు విలువను సీల్డ్ కవర్లో ఎగ్జామినర్ దగ్గర ఉంచాలి. మార్కులు ఆ విలువకు ఎంత దగ్గరగా వచ్చారన్నదాన్ని బట్టే పడాలి. పేజీ నంబర్లున్న కుట్టు పుస్తకంలో పెన్నుతో, బ్యూరెట్ ముందు నిలబడే రీడింగ్ రాయించాలి. తప్పును ఒక్క గీతతో కొట్టేయాలి, వైట్‌నర్ కనిపిస్తే ఆ ప్రయోగానికి సున్నా. పీహెచ్‌డీ వైవాలో థీసిస్‌తోపాటు ముడి డేటా, క్రమాంకన గ్రాఫులు, ల్యాబ్ నోట్‌బుక్ టేబుల్ మీదకు రావాలి.

సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ పెద్దలకు ఇవి తెలియవా? బాగా తెలుసు, చాలామంది ఇలాగే నేర్చుకున్నారు కూడా. ఇక, మూడు గంటల పరీక్షకు ముప్పావు గంటలో సంతకాలు పెట్టి బస్సెక్కే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లూ, వచ్చే సెమిస్టర్ మార్కుల షీట్ ముట్టుకునే ముందు సింక్ దగ్గరికి వెళ్లి బ్యూరెట్లు తడిశాయో లేదో చూడండి. ఆ నాలుగడుగులు వేయలేకపోతే రెమ్యూనరేషన్ బిల్లు మీదా సంతకం పెట్టకండి.