జలవిద్యుత్తు పద్దులోని గుండుసున్నా గారికి

మహారాజశ్రీ గుండుసున్నా గారి సముఖానికి,

భూమిని వేడెక్కించే వాయువుల లెక్కలో, జలవిద్యుత్తు ఉద్గారాల గడిలో ఏళ్ల తరబడి కదలకుండా కొలువుదీరినందుకు ముందుగా తమరికి అభినందనలు. బొగ్గు కేంద్రానికి పొగగొట్టం ఉంది కనుక దాని మూతికి యంత్రం బిగించి కొలుస్తారు; జలాశయానికి అది లేకపోవడం తమరి అదృష్టం.

బ్రెజిల్‌లో ఉవాతుమా నదిపై ఉన్న బల్బీనా ఆనకట్ట తమరికి తెలియనిది కాదు. అక్కడ 1987లో గేట్లు మూసి, 250 మెగావాట్ల కోసం సుమారు 2,360 చదరపు కిలోమీటర్ల మేర అమెజాన్ నేలను నీట ముంచారు. మన శ్రీశైలం జలాశయానికి అది దాదాపు నాలుగింతలు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రమొక్కటే 900 మెగావాట్లది. బల్బీనాలో చెట్లను చాలావరకు నరకకుండానే నీరు నింపారు. గాలి సోకని అడుగున ఆకూ కొమ్మా కుళ్లితే ఏమవుతుందో గోబర్ గ్యాస్ తొట్టి ఉన్న ఏ రైతునడిగినా చెబుతాడు. కాకపోతే రైతు, భూమిని వేడెక్కించే వాయువుల్లో ఒకటైన ఆ మీథేన్‌ను పొయ్యికి మళ్లిస్తాడు.

కొలిచేవారి తంటాలు తమరికి వినోదంగా ఉంటాయేమో. బక్కెట్టు వంటి పాత్రను నీటిపై బోర్లించి తేలనిచ్చి, కొన్ని నిమిషాలకొకసారి లోపలి గాలిని సిరంజితో లాగి, మీథేన్ ఎంత పెరిగిందో చూస్తారు. బుడగలు ఈ మర్యాదలకు లొంగవు. నీటిమట్టం తగ్గినప్పుడో, వాతావరణ పీడనం పడిపోయినప్పుడో, తరచుగా పరిశోధకుల పడవ ఒడ్డు చేరిన తరువాతనే, ఒక్కుమ్మడిగా లేస్తాయి. వాటి కోసం నీటిలో గరాటును బోర్లించి రోజుల తరబడి కాపు కాయాలి. ఇంత చేసీ ఆనకట్టకు ఎగువన మాత్రమే కొలిచి ఇల్లు చేరితే తమరికి ఢోకా లేదు. ఎందుకంటే అడుగునీరు టర్బైన్ దాటగానే పీడనం తగ్గి, గోళీసోడా కొట్టినట్లు వాయువు బుసబుసమనేది దిగువన. ఫ్రెంచ్ గయానాలోని పెటీ సో ఆనకట్ట దిగువ నీటిలో ప్రాణవాయువు చాలక, నీటిని చిలకడానికే ప్రత్యేకంగా ఒక చిన్న అడ్డుకట్ట కట్టారు. అది నదికి ఊపిరి పోస్తూనే మీథేన్‌ను సగౌరవంగా గాలిలోకి సాగనంపింది.

తమరికి రాజముద్ర వేసినవారిని మరువరాదు. 2006లో, ఉద్గారాలు తగ్గించే ప్రాజెక్టులకు కార్బన్ క్రెడిట్లిచ్చే ఐక్యరాజ్యసమితి పథకమైన క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం బోర్డు, జలాశయ విస్తీర్ణంలో చదరపు మీటరుకు 10 వాట్లకు మించి సామర్థ్యం ఉంటే ఉద్గారాలను లెక్కించనక్కరలేదని నిర్ణయించింది. భాగహారం వస్తే చాలు, పడవ అక్కరలేదు. ఆ హద్దులో బొత్తిగా న్యాయం లేదని అనను. ఇరుకు లోయల్లో, చల్లని నీటిలో తమరు నిజానికి దగ్గరగానే ఉంటారు. బల్బీనాకు మాత్రం 0.1 వాటు వస్తుంది కనుక ఆ దర్బారులో ప్రవేశమే లేదు. అదే ఏడాది ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల శాస్త్రీయ సంఘమైన ఐపీసీసీ, దేశాలు ఉద్గారాలు లెక్కగట్టే తన మార్గదర్శకాలలో ముంపు నేలల మీథేన్‌ను అనుబంధంలోకి సర్దేసి తమరిని మరికొన్నాళ్లు కాపాడింది. 2019లో దాన్ని బయటికి తీసి, దిగువన వెలువడేదానినీ కలిపి లెక్కగట్టే పద్ధతి చెప్పింది. ఆ ఏడు తమరికి నిద్ర పట్టి ఉండదు.

జలాశయం మట్టం దిగే వారం చూసుకొని, నాలుగు బక్కెట్లు, ఒక గరాటు పట్టుకొని వస్తున్నాము. టర్బైన్ల దిగువన, నీరు నురగలు కక్కే చోట దర్శనమివ్వ ప్రార్థన.

చిత్తగించవలెను.